బెల్ కొట్టు, పరుగు పెట్టు

మధ్యాహ్నం అలా కునుకు పట్టిందో లేదో, కాలింగ్ బెల్ మోగుతుంది. మోకాళ్ల నొప్పులతో బామ్మగారు లేచి గొళ్లెం తీసేసరికి గుమ్మంలో ఎవరూ ఉండరు. మెట్ల మీద కిసుక్కుమన్న నవ్వులు మాత్రం వినిపిస్తాయి.

ఈ అల్లరి ఇవాళ్టిది కాదు. లండన్‌లో 1839 నాటి పోలీసు చట్టం, అకారణంగా ఇంటి గంట మోగించి జనాన్ని విసిగించేవారికి 40 షిల్లింగుల వరకు జరిమానా పెట్టింది. దీపాలు ఆర్పే ఆకతాయిలకూ అదే నిబంధన!

ఇరుగుపొరుగు చాలామంది నవ్వి ఊరుకుంటారు. చంటిబిడ్డను అప్పుడే నిద్రపుచ్చిన తల్లికి మాత్రం ఒళ్లు మండుతుంది, అందులో తప్పేముంది? ఒంటరిగా ఉండేవారికైతే రాత్రిపూట గుండె దడ.

కోపం హద్దు దాటితే ఘోరమే. 2020లో కాలిఫోర్నియాలో బెల్ కొట్టి పారిపోయిన కుర్రాళ్ల కారును ఒకతను వెంటాడి ఢీకొట్టాడు. ముగ్గురు చనిపోయారు. 2023లో కోర్టు అతనికి పెరోల్ లేని యావజ్జీవ శిక్ష విధించింది.