మన కోసం ఒక పూతరేకు

అందరికీ పంచాక మిగిలింది తినడం మనకు అలవాటు. అచ్చంగా మన కోసమే ఏదైనా కొనుక్కోవాలంటే ఎందుకో మొహమాటం. నన్నడిగితే, అలా కొనుక్కోదగ్గది పూతరేకు. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పల్చటి ఆ పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. క్షణాల్లో రేకు లేస్తుంది. రేకుకు సొంత రుచి పెద్దగా లేదు. రుచంతా రాసే నెయ్యిది, చల్లే బెల్లం పొడిది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. చాక్లెట్ దట్టించినవీ వస్తున్నాయి గానీ, నా ఓటు బెల్లానికే. కొన్నాక మాత్రం గాలి చొరని డబ్బాలో పెట్టండి, తేమ తగిలితే మెత్తబడిపోతుంది.