సంస్థల వాక్కు, ఓటరు హక్కు
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బెంగళూరు మహానగరంలో డెబ్బది ఐదేళ్లుగా తెలుగు అక్షరాన్ని నిలబెట్టిన విద్యాలయం ఇది. అక్షరం నేర్చినవాడు మాట్లాడక మానడు. ఆ స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులకు ప్రసాదించింది. మరి, కంపెనీ పౌరుడవుతుందా?

ఈ ప్రశ్న మన విశాఖపట్నం నుండే సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి వాణిజ్య పన్నుల అధికారికీ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్‌కూ నడిచిన వివాదంలో, కంపెనీ ఆ అధికరణం చెప్పే పౌరుడు కాదని 1963లో తీర్పు వచ్చింది. అయితే 1972 నాటి న్యూస్‌ప్రింట్ కేసులో, పత్రికా సంస్థ వెనుకనున్న వాటాదారులు, సంపాదకులు పౌరులే గనుక వారి వాక్‌స్వాతంత్ర్యాన్ని అదే న్యాయస్థానం కాపాడింది. సంస్థ మాట్లాడేది మనుషుల నోటితోనే గదా!

కాని విరాళం కూడా మాటయేనా? సంస్థలు స్వతంత్రంగా చేసే ఎన్నికల ప్రచారవ్యయానికి హద్దు పెట్టరాదని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పేర్కొన్నది. మన దేశం 1969లో కంపెనీ విరాళాలను నిషేధించి, 1985లో లాభాలలో కొంత శాతం మేరకు అనుమతించింది. 2017లో ఆ పరిమితినే ఎత్తివేసింది. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు దాత పేరును ఓటరుకు తెలియనీయలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ బాండ్లను రద్దుచేసి, తొలగించిన పరిమితిని పునరుద్ధరించింది. పార్టీలకు సొమ్మెవరిచ్చారో తెలుసుకొనడం ఓటరు హక్కు అని స్పష్టం చేసింది.

పేరు బయటపడితే దాతకు వేధింపులు తప్పవన్న వాదాన్ని తేలికగా తోసివేయరాదు. అందుకే 20,000 రూపాయలకు మించని విరాళమిచ్చిన సామాన్యుని పేరును పార్టీలు ఎన్నికల సంఘానికి నివేదించనక్కరలేదు. కోట్లిచ్చే కంపెనీకి ఆ చాటు తగదు. బడిలో గది కట్టించిన దాత పేరు గుమ్మంపై చెక్కించడం మన ఆచారం. బడికున్న ఈ మర్యాద ప్రభుత్వాలను నిలబెట్టే ధనానికి వద్దా?

పని ఇంకా మిగిలే ఉన్నది. కర్ణాటక శాసనసభ అభ్యర్థి వ్యయానికి 2022లో 40 లక్షల రూపాయల హద్దు నిర్ణయించారు. పార్టీ వ్యయానికి మాత్రం హద్దే లేదు. కోట్ల రూపాయల ప్రచారఘోషలో పేదవాని మాట వినబడకపోతే, అతని స్వేచ్ఛ కాగితం మీదనే మిగులుతుంది.

పూర్వ విద్యార్థులారా! సంస్థల గొంతు నొక్కవద్దు. వాటి ధనాన్ని మాత్రం లెక్క అడగండి. అడిగే ధైర్యాన్ని మీ పిల్లలకూ నేర్పండి. సెలవు.