యంత్రలేఖకు తొలి కట్టుబాటు



భూమి దస్తావేజులో 25 అని మాత్రము వ్రాసి, అవి సెంట్లో గుంటలో చెప్పనిచో ఏమగును? ఎకరమునకు 100 సెంట్లు, గుంటలైనచో 40. కావున 25 సెంట్లు పావు ఎకరము. 25 గుంటలు 62½ సెంట్లు. అంకె యొక్కటే గాని భూమి రెండున్నర రెట్లు. కంప్యూటరు అను గణనయంత్రమునకు వ్రాయు లేఖలలోను ఇట్టి చిక్కే కలదు. దానిని తొలగించు ఒక చిన్న యేర్పాటును గూర్చి నేడు మనవి చేసెదను.

గణనయంత్రము అంకెలను తప్ప వేఱొండు నెఱుగదు. మనుష్యుడు పొట్టి మాటలలో వ్రాసిన పనులను ఆ అంకెలుగా మార్చు కార్యక్రమమునకు అసెంబ్లరు అని పేరు. 1949లో ఇంగ్లాండునందలి కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అను యంత్రమునకు డేవిడ్ వీలర్ వ్రాసిన ప్రారంభాదేశములు ఇట్టి పనికి తొలి మాదిరులలో నొకటి. అసెంబ్లరునకిచ్చు లేఖలో కొన్ని మాటలు యంత్రము చేయవలసిన పనులు. మఱికొన్ని అసెంబ్లరునకే చెప్పు సూచనలు. ఈ సూచనలను డైరెక్టివు లందురు.

మిప్స్ అను జాతి యంత్రములను చూతము. దశాంశ సంఖ్యల నుంచుకొనుటకు వీనిలో 32 గదులు కలవు. పాత పద్ధతిలో గదికి 32 బిట్ల వెడల్పు. పెద్ద సంఖ్యను సరి గదిలో సగము, ప్రక్కనున్న బేసి గదిలో సగము ఉంచుదురు. క్రొత్త పద్ధతిలో గదికి 64 బిట్లు. సంఖ్య అంతయు ఒక గదిలోనే యిమిడిపోవును. పాత పద్ధతికి వ్రాసిన లేఖ క్రొత్త పద్ధతిలో నడచినచో, రెండవ సగమునకై ప్రక్క గదిని వెదకును. అచట దానికి సంబంధింపని సంఖ్య యుండవచ్చును. యంత్రము ఆగదు, మొఱపెట్టదు. తప్పు లెక్కను ఒప్పు లెక్కవలెనే అప్పగించును. అదియే భయము.

ఏ పద్ధతియో పూర్వము అసెంబ్లరును పిలుచునపుడు వేఱుగా చెప్పెడివారు. లేఖ యొకచోట, షరతు వేఱొకచోట. లేఖ చేతులు మారునపుడు షరతు జారిపోవచ్చును. లేఖలో వ్రాయదగిన 'సెట్' అను సూచన కలదు గాని, అది తన క్రింది పంక్తులకే వర్తించును.

అందుచే 2014లో జీఎన్‌యూ అసెంబ్లరునందు 'మాడ్యూల్' అను డైరెక్టివును చేర్చిరి. ఇది ఫైలు మొత్తమునకు వర్తించును. లేఖ పాత పద్ధతిదో, క్రొత్త పద్ధతిదో, రెంటను చెల్లునట్లు జాగ్రత్తగా వ్రాసినదో దీనితో చెప్పవచ్చును. యంత్రము చేయవలసిన పని ఒక్కటియు వ్రాయకముందే దీనిని వ్రాయవలయును. పిదప వ్రాసినచో అసెంబ్లరు అంగీకరింపదు. సగము దస్తావేజు వ్రాసి కొలమానము మార్చుట చెల్లునా?

అసెంబ్లరు ఈ షరతును తయారైన ఫైలుపై ముద్రవలె నుంచును. పలు ఫైళ్లను కూర్చు లింకరు ఆ ముద్రలను పోల్చి, పొసగనిచో హెచ్చరించును.

దీనికి ఒక యిబ్బందియు కలదు. పాత అసెంబ్లరులు ఈ మాట నెఱుగవు; చూచినంతనే తప్పని చెప్పి నిలిచిపోవును. అందుచేతనే జీసీసీ అను అనువాదక కార్యక్రమమును సిద్ధపఱచునపుడు, తోడి అసెంబ్లరు ఈ సూచన నెఱుగునా యని ముందుగా పరీక్షింతురు. అయినను అట్లు నిలిచిపోవుటయే మేలని నా యభిప్రాయము. నిలిచిన పనిని కనుగొని దిద్దుకొనవచ్చును. నిశ్శబ్దముగా తప్పిన లెక్కను నమ్మి నడచినవాడు నష్టపడిన పిదపనే తెలిసికొనును.