మాట తడబడిన చోట కవిత్వము
(బార్డోలీయందు తెలుగు ఉద్యోగుల కుటుంబ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



జన్మభూమికి దూరమున ఉద్యోగము చేయువారికి భాషయొక్క విలువ రెండింతలుగా తెలియును. బార్డోలీ వంటి ఊరిలో బజారున గుజరాతీ వినుచు, కార్యాలయమున హిందీయు ఇంగ్లీషును వ్రాయుచు దినమెల్ల గడపిన తెలుగువాని చెవిని సాయంకాలము ఒక తెలుగు పద్యము పడినచో ప్రాణము లేచి వచ్చినట్లుండును. ఆ పద్యమునందలి భావముకంటె ముందు దాని నడక, దాని యతి, దాని ప్రాస అతనిని పలుకరించును. అర్థము మనస్సునకు చేరకమునుపే శబ్దము హృదయమును చేరుననుటకు వేరు నిదర్శనము అక్కరలేదు.

నేటి ప్రసంగ విషయము ఆటిజము గలవారి కవిత్వ రచన. ఇది కొందరికి వింతగా తోచవచ్చును. నోట మాట సరిగా రాని బిడ్డ, ఎదుటివారి కన్నులలోనికి చూడని బిడ్డ, ఒకే వాక్యమును దినమంతయు చెప్పుకొను బిడ్డ కవి ఎట్లగునని అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో ఆటిజమును గూర్చియే కాక కవిత్వమును గూర్చియు కొంత తెలిసికొనవచ్చును.

ఆటిజము అంటువ్యాధి కాదు. పూర్వజన్మ పాపము కాదు. పెంపకమునందలి లోపము అంతకంటె కాదు. మెదడు ఎదుగు తీరునందు బాల్యముననే కలుగు ఒక భేదము. తల్లి ప్రేమ చాలకపోవుటచే బిడ్డ ఇట్లగునను వాదము 1950, 1960 దశకములలో పాశ్చాత్య దేశములందు బలముగా నుండి ఎందరో తల్లులను ఏడిపించినది. ఆటిజము గల బిడ్డకు తానును తండ్రియైన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో ప్రకటించిన గ్రంథముతో ఆ వాదము కూలనారంభించెను. నేడు దానిని శాస్త్రజ్ఞులెవరును అంగీకరింపరు.

అమెరికాలో బాల మానసిక వైద్యుడగు లియో కానర్ 1943లో పదునొకండుగురు పిల్లలను పరిశీలించి వ్రాసిన వ్యాసము ఈ విషయమున ప్రసిద్ధమైనది. అందులో మొదటి బాలుడు డోనాల్డ్. "ఔను అనినచో నిన్ను భుజములపై ఎక్కించుకొందును" అని తండ్రి అతనికి చెప్పెను. బాలుడు ఆ మాట నేర్చుకొనెను. కాని చాల కాలమువరకు అతని భాషలో "ఔను" అనగా "భుజములపై ఎక్కించుకొనుము" అనియే అర్థము. మరియొక బాలుని తల్లి ఒకనాడు పిల్లల పాట పాడుచుండగా చేతనున్న గిన్నె జారి పడెను. అది మొదలు ఆ బాలుడు అట్టి గిన్నెను చూచినప్పుడెల్ల ఆ పాటలోని మాటలను పలుకుచుండెను. విననేర్చిన వానికే అది గిన్నెకు పేరని తెలియును. తక్కినవారికి పిచ్చిపలుకుగా తోచును.

1946లో కానర్ ఈ మాటలను గూర్చియే మరియొక వ్యాసము వ్రాసెను. అసంబద్ధములుగా కనబడు ఈ పలుకులు నిజమునకు రూపకముల వంటివనియు, వాని మూలము ఆ బిడ్డయొక్క స్వానుభవమున నున్నదనియు, ఆ మూలము తెలిసిన వెంటనే అర్థము తెరచుకొనుననియు అతడు చూపెను.

తెలుగువారికి ఈ సంగతి క్రొత్త కారాదు. అలంకార శాస్త్రము చదివినవారు "గంగయందు గొల్లపల్లె" అను ఉదాహరణము నెరుగుదురు. నీటిలో పల్లె ఎట్లుండునని ఎవరును నవ్వరు. గంగ ఒడ్డునని లక్షణచేత అర్థము చేసికొని, చల్లదనము, పావనత్వము అను ధ్వనినిగూడ గ్రహింతురు. ఇక ఒక ఇంటిలో ఉరుములు మెరుపులు గల రాత్రి తల్లి "కిటికీ మూయండి" అని కేక వేసినదనుకొనుడు. అటుపిమ్మట చుట్టములు వచ్చి ఇల్లు సందడిగా నున్నప్పుడెల్ల బిడ్డ "కిటికీ మూయండి" అనునేని, లేచి కిటికీ మూయుట వాచ్యార్థమును గ్రహించుట. "ఈ గోల నాకు భయము కలిగించుచున్నది" అని తెలిసికొనుట ధ్వనిని గ్రహించుట. శాస్త్రము సహృదయుడని పిలిచినది ఈ రెండవ పని చేయువానినే. ఆ బిడ్డకు కావలసినది మొదట వైద్యుడు కాదు, సహృదయుడు.

ఒకే మాటను మరల మరల పలుకుట ఆటిజముయొక్క లక్షణములలో నొకటి. ఇది చిలుకపలుకని చాల కాలము భావించిరి. 1981లో బారీ ప్రైజంట్, జూడిత్ డూకన్ అను పరిశోధకులు ఈ పునరుక్తిని శ్రద్ధగా పరిశీలించి, దానితో పిల్లలు అడుగుచున్నారనియు, అంగీకరించుచున్నారనియు, తమ్ము తాము నిలదొక్కుకొనుచున్నారనియు నిరూపించిరి. శతకములు చదువు జాతికి ఇది సులభముగా బోధపడవలెను. నూరు పద్యముల చివర ఒకే మకుటము వచ్చినను విసుగుకొనక, అది వచ్చుటకై చెవి యొగ్గి ఎదురు చూతురు. భేదమును దాచరాదు: శతకకారుడు మకుటమును కోరి ఎన్నుకొనును, బిడ్డ పెక్కుమారులు మనశ్శాంతికై పలుకును. కాని శబ్దము మరల వచ్చినప్పుడు కలుగు ఊరట ఇద్దరికిని సమానమే. ఆ ఊరటలో కవిత్వ బీజమున్నది.

ఆటిజము గలవారు మాటలకు ఉన్నదున్నట్లు అర్థము చేసికొందురనియు, రూపకములు వారికి అందవనియు ఒక అభిప్రాయము కలదు. 1993లో ఫ్రాన్సెస్కా హాపె చేసిన పరిశోధన ఇట్టి కష్టమును చూపినది నిజమే. కాని 2005లో కోర్ట్నీ నార్బరీ చేసిన పరిశోధనలో, రూపకము తెలియుట తెలియకపోవుట ఆటిజముకంటె ఎక్కువగా బిడ్డకు గల భాషాజ్ఞానముపై ఆధారపడుచున్నదని తేలినది. అనగా భాష సమృద్ధిగా అందినచో తలుపు తెరచుకొనవచ్చును.

ఈ మాటకు భారతదేశమునందే ఒక నిదర్శనము కలదు. టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్ బంగాళీ కుటుంబమువాడు. ఆంధ్రులకు పొరుగుననే యున్న కర్ణాటకమున, మైసూరు బెంగుళూరులలో పెరిగినవాడు. బాల్యముననే అతనికి తీవ్రమైన ఆటిజమని వైద్యులు చెప్పిరి. నోట మాట దాదాపుగా లేదు, శరీరము ఊగుచుండును, చేతులు ఆడుచుండును. తల్లి సోమా ముఖోపాధ్యాయ్ నిరాశ చెందక, అక్షరములు గల పలకను చూపి చదువు నేర్పినది. పట్టు నిలువని వ్రేళ్లకు పెన్సిలును కట్టి వ్రాత నేర్పినది. పిల్లల కథలతో ఆగక పెద్దల సాహిత్యమును చదివి వినిపించినది. ఎనిమిదవ ఏటికిని పదునొకండవ ఏటికిని నడుమ ఆ బాలుడు వ్రాసిన గద్యపద్యములు 2000లో ఇంగ్లాండునందలి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీవారిచే "బియాండ్ ది సైలెన్స్" అను పేర ప్రకటింపబడినవి. 2001లో తల్లీకుమారులు అమెరికా వెళ్లిరి. 2008లో "హౌ కెన్ ఐ టాక్ ఇఫ్ మై లిప్స్ డోంట్ మూవ్", 2015లో "ప్లాంక్టన్ డ్రీమ్స్" అను గ్రంథములు వెలువడినవి. రాల్ఫ్ సవరీస్ అను సాహిత్యాచార్యుడు అతనితో కలిసి "మోబీ డిక్" నవలను అధ్యాయము వెంట అధ్యాయముగా చదివి, ఆ అనుభవమును 2018లో గ్రంథస్థము చేసెను.

ఒకేసారి చూచుటయు వినుటయు తనకు కష్టమని, అందుచేత తాను వినుటనే నమ్ముకొన్నాడని టిటో తెలిపినాడు. లోకము తనకు ముందు శబ్దముగా చేరు మనుష్యుడు కవిత్వమును వెదకుకొనుటలో ఆశ్చర్యమేమి? కథకు కాలక్రమము కావలెను. సంభాషణకు తక్షణము బదులు కావలెను. కవిత్వము ఈ రెండింటిని బలవంతపెట్టదు. ఒక చిత్రము, ఒక శబ్దము, ఒక భయము చాలును. పంక్తికిని పంక్తికిని నడుమ మౌనముండవచ్చును. ఆ మౌనమును ఎవరును లోపమనరు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మాట రాని బిడ్డ కవిత్వము వ్రాసెనని విన్నంతనే ఉప్పొంగుట మానవ సహజము. ఆ ఉత్సాహమే అపాయమునకు దారి తీయవచ్చును. బిడ్డ చేతిని మరియొకరు పట్టుకొని అక్షరములపై నడిపించు పద్ధతి ఒకటి 1990 దశకమున వ్యాపించినది. పరీక్షించి చూడగా, వెలువడిన మాటలు చేయి పట్టినవారివే కాని బిడ్డవి కావని తేలినది. సోమాగారు నేర్పు పద్ధతిలో చేయి పట్టుట లేదు. ఐనను నేర్పువారు ప్రక్కనుండి పలుమారు ప్రేరేపింతురు గనుక దానియందును మాటలు ఎవరివో నిశ్చయింపజాలమని, తగిన శాస్త్ర నిరూపణము లేదని అమెరికా వాక్చికిత్సకుల సంఘము 2018లో ప్రకటించినది. టిటో తన చేతితో తాను వ్రాయుటను పరిశోధకులు చూచిరి. ఐనను అతని తోవ అందరు పిల్లలకును పనికివచ్చునని చెప్పుటకు అది చాలదు.

ఈ విషయమున పట్టుదల ఏలనగా, కవిత్వమునకు ప్రాణము కర్తృత్వము. కుమారుని నోట తల్లి మాటను పెట్టి కవియని సన్మానించినచో ఆ బిడ్డను రెండవసారి మూగవానిని చేసినట్లగును. బిడ్డ స్వయముగా చూపిన బొమ్మ, స్వయముగా నొక్కిన అక్షరము, స్వయముగా పలికిన ఒక్క పదము చాల చిన్నవిగా కనబడవచ్చును. కాని అవి అతనివి. పరుని చేతి నూరు పద్యములకంటె స్వంతమైన మూడు మాటలు మేలు.

వినుటచేత ఏమి మారునని అడుగువారికి ఈ బార్డోలీ గడ్డయే సమాధానము చెప్పును. ఈ తాలూకా రైతులపై బొంబాయి ప్రభుత్వము భూమిశిస్తును నూటికి 22 చొప్పున పెంచినది. పొలములు చూడక, రైతులను అడుగక కాగితములపై లెక్క కట్టిరని ప్రజలు మొరపెట్టిరి. 1928లో సర్దార్ వల్లభభాయి పటేలు నాయకత్వమున జరిగిన సత్యాగ్రహము పిమ్మట బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అను అధికారులు ఊరూర తిరిగి, రైతులు చెప్పినది విని విచారణ జరిపిరి. తేలిన పెంపు నూటికి 6కు సమీపము మాత్రమే. భూమి మారలేదు, పంట మారలేదు. విన్న తరువాత లెక్క మారినది. మాట రాని బిడ్డను గూర్చి బడియు, బంధువులును, ఇరుగుపొరుగును కట్టిన లెక్కలలో ఎన్ని ఇట్లు వినక కట్టినవో ఆలోచింపవలసియున్నది. అవగాహన లోపము ఒకవైపుననే లేదని, ఇరువైపుల నున్నదని ఆటిజము గల పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో వ్రాసిన వ్యాసముయొక్క సారాంశమును ఇదియే.

పరరాష్ట్రమున నున్న తెలుగు కుటుంబములకు మరియొక సందేహము కలుగును. ఇంట తెలుగు, వీధిని గుజరాతీ, బడిలో ఇంగ్లీషు ఐనచో బిడ్డ మరింత తికమకపడునేమో, తెలుగు మానుకొందుమా అని తల్లిదండ్రులు విచారింతురు. రెండు భాషల నడుమ పెరుగుటచే ఆటిజము గల పిల్లలకు అదనముగా హాని కలుగుచున్నదని పరిశోధనలలో తేలలేదు. తల్లి లాలిపాట ఏ భాషలో సహజముగా వచ్చునో ఆ భాషను బిడ్డనుండి లాగికొనుట అనవసరమైన శిక్ష.

చట్టము కొంత తోడుపడుచున్నది. 1999నాటి నేషనల్ ట్రస్టు చట్టమున ఆటిజమునకు స్థానము కలిగెను. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజము చేరినది. ప్రభుత్వోద్యోగములందు కేటాయించిన 4 శాతమున 1 శాతమును పంచుకొను వర్గములలో అదియు నొకటి. వికలాంగుడైన బిడ్డకు ముఖ్య సంరక్షకుడగు కేంద్ర ప్రభుత్వోద్యోగిని, పరిపాలనా సౌకర్యమునకు లోబడి, క్రమానుగత బదిలీలనుండి మినహాయించుటకు 2014లో ఉత్తరువులు వెలువడినవి. ఆటిజమును తరువాత ఆ పరిధిలో చేర్చిరి. నిత్యక్రమము చెదరినచో అల్లాడిపోవు బిడ్డకు ఊరు మారకుండుట ఎంత మేలో ఆ తల్లిదండ్రులకే తెలియును. ఈ ఉత్తరువు తెలియని సహోద్యోగికి తెలియజెప్పుటయు ఒక సాహిత్య సేవయే.

ఇక సాంస్కృతిక సంఘములు చేయదగినది వేరుగా కలదు. ఉగాది కవి సమ్మేళనమున గొంతెత్తి చదువువారికే చోటుండుట ఆచారము. వ్రాసి పంపినవారి కవితను వారి అనుమతితో మరియొకరు చదువవచ్చును. మైకు గోల, చప్పట్ల మోత సహింపలేనివారికై ఒక అరగంట చప్పట్లు లేని సభ జరుపవచ్చును. చేయి గాలిలో ఆడించినను అభినందనమే. వేదిక ఎక్కినవారు సభవైపు చూడకున్నను, ఊగుచు చదివినను, ఒక పంక్తిని పదిమారులు పలికినను ఆపకుండ వినవచ్చును. ప్రత్యేక సంచికలో ఒక పుట వారికై ఉంచవచ్చును. ప్రాసలు దిద్ది పెద్దలు చక్కజేయక, వ్రాసినది వ్రాసినట్లు అచ్చువేయవలెను. కవిత నచ్చనిచో నచ్చలేదని మర్యాదగా చెప్పవచ్చును. జాలితో మెచ్చుకొనుట కవికి అవమానము; తక్కిన కవులతోపాటు తూచుటయే గౌరవము.

ఆటిజము గలవారందరును కవులు కారు. తెలుగువారందరును కవులు కానట్లే. కాని వారిలో కవి యున్నచో అతడు సభకు రాకుండ ద్వారము వద్దనే నిలిచిపోవుట భాషకు నష్టము. తెలుగు ఇంతవరకు వినని ఉపమ, ఇంతవరకు పోల్చని పోలిక ఒకటి ఏ క్వార్టర్సులోని ఏ చిన్న గదిలోనో, పదే పదే పలుకబడుచు, అర్థము అడుగువారు లేక నిలిచియుండవచ్చును. ఇంటికి చేరిన పిమ్మట ఆ గదిలోని బిడ్డ నేడు ఏ మాట పలికినాడో, ఆ మాట మొదట ఎప్పుడు ఎచ్చట విన్నాడో అడిగి తెలిసికొనుడు. సహృదయతకు ఆరంభము అచ్చటనే.