టాక్సీ నడిపేవారి బాధ్యత

మేము ఉర్దూ మీడియంలో లెక్కలు చెప్పుకొనేవాళ్ళం. స్టీరింగు పట్టినవాళ్ళం కాము. అయితే మా దగ్గర చదివి టాక్సీలు తోలుతున్న పిల్లలు ఆర్.టి.ఓ. కాగితాలు పట్టుకొని మా ఇంటికే వస్తారు. వాటిని చదివి చెప్పబోయి మాకే కొంత చట్టం తెలిసింది.

ఇప్పుడున్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 1989 జులై 1 నుండి అమలు. జేబులో లైసెన్సు ఉంటే చాలునని మనవాళ్ళనుకొంటారు. చాలదు. బండికి పర్మిట్టు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం కూడా ఉండాలి. 7,500 కిలోల లోపు టాక్సీకి మామూలు లైట్ మోటారు లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది గదా, ఇక పర్మిట్టు దేనికని ఒకాయన మాతో వాదించాడు! లైసెన్సు మనిషికి, పర్మిట్టు బండికి. తెల్ల ప్లేటు సొంతకారులో కిరాయి మనుషుల్ని ఎక్కించుకొంటే చట్టం ఒప్పదు.

మన కర్నూలువారికి ఇంకో తలనొప్పి. 2014 జూన్ 2 తర్వాత తుంగభద్ర దాటితే తెలంగాణ. అలంపురం దగ్గరే గదా అని పాత అలవాటుగా పోరాదు. ఆ రాష్ట్రానికి కావలసిన కాగితం ముందే చూసుకోవాలి.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. రెండేళ్ళ కిందట మా పాత విద్యార్థి ఒకడు రాత్రిపూట నంద్యాల రోడ్డులో సైకిలు మీద పోయే ముసలాయనకు బండి తగిలించాడు. జనం మూగేసరికి తోలుకొని వచ్చేశాడు. తెల్లవారుజామున మా తలుపు కొట్టి, "సార్, చంపేస్తారని భయమేసింది" అన్నాడు. ఆ భయం అబద్ధమని మేమనము. చట్టం కూడా అనలేదు. దెబ్బతిన్నవారిని ఆసుపత్రికి చేర్చాలని చెబుతూనే, జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప అని 134వ సెక్షనులో రాసిపెట్టింది. అయితే అక్కడ పోలీసు లేకుంటే వీలైనంత తొందరగా, 24 గంటల లోపల దగ్గరి స్టేషనులో చెప్పి తీరాలి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాసివ్వాలి. జనం నుండి తప్పుకొన్నవాడు నేరుగా స్టేషనుకు పోవాలి గాని ఇంటికొచ్చి దుప్పటి కప్పుకోరాదు.

మేము వాణ్ణి వెంటబెట్టుకొని స్టేషనుకు పోయాము. ముసలాయనను ఎవరో లారీ డ్రైవరు ఆసుపత్రికి చేర్చాడట. అలా చేర్చినవారికి 2019 సవరణ రక్షణ ఇచ్చింది. కనుక మీరూ వెనకాడకండి. ముసలాయన కాలు విరిగింది, ప్రాణం దక్కింది. కొడుకు మొదటిరోజు మా మొహం చూడలేదు. మూడోరోజు మావాడు తెచ్చిన టీ తాగాడు. ఇన్సూరెన్సు గడువు ఇంకా పదకొండు రోజులే ఉండింది. అది దాటిపోయి ఉంటే పరిహారం మొత్తం వాడి తల్లి ఇల్లమ్మి కట్టవలసి వచ్చేది.

తాగుడు సంగతి ఇంటిల్లిపాది ముందు ఎక్కువ చెప్పము. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే ఆరునెలల దాకా జైలు పడవచ్చు. కారణం లేకుండా కిరాయికి రానన్నా జరిమానా ఉంది. బండిలో మరచిన సంచి మనది కాదని వేరే చెప్పాలా?

కాగితాల గడువు చూసుకోవడం రానివారు ఆదివారం పొద్దున మా ఇంటికి రండి. జిరాక్సులు వద్దు, అసలువి తెండి.