పెరటిలో నాలుగు పుంజులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ, పద్యపఠనానికీ నడుమ కోళ్ల ముచ్చటేమిటని కొందరికి తోచవచ్చు. కానీ ఈ బెంగుళూరు చుట్టుపట్ల మనవారిలో చాలామంది ఇప్పుడు ఊరి అంచున, ఇంత పెరడున్న ఇండ్లలో కాపురముంటున్నారు. పండుగనాటికి ఇంటి పుంజు ఉంటే బాగుండునని వారికి కోరిక. ఆ పని కొత్తగా మొదలుపెట్టేవారికే మా మాటలు.

ముందు ఒక సంగతి. కూర కోసం పుంజును పెంచదలచినవారు దాని చివరి దినమెప్పుడో మొదటి దినమే నిశ్చయించుకోవలె. అంతవరకు దానికి ఏ లోటూ రానీయకూడదు. ఈ రెండూ చేయలేనివారు అంగడిలో కొనుక్కొనడమే మేలు.

ఖర్చు కలిసివస్తుందని మాత్రం ఎవరూ మొదలుపెట్టవద్దు. బ్రాయిలరు కోడి ఆరేడు వారాలలో కోతకు వస్తుంది. నాటు పుంజుకు నాలుగైదు నెలలు పడుతుంది, మేత కూడా ఎక్కువే తింటుంది. మనకు దక్కేది గట్టి మాంసం, రుచి, ఏమి తిని పెరిగిన కోడియో తెలుసునన్న తృప్తి.

పిల్లలను ఎంచుకొనడంలోనే సగం ఫలితముంది. సంతలో ఆకుపచ్చ, గులాబి రంగులు పూసి అమ్మే పిల్లలు చౌక. అవి చాలావరకు గ్రుడ్ల జాతుల మగపిల్లలు. ఎంత మేపినా వాటికి కండ పట్టదు. మన ఆంధ్రదేశపు అసీలు జాతి బలమైనదే గాని నెమ్మదిగా ఎదుగుతుంది, పోట్లాట దాని నెత్తురులోనే ఉంది. కొత్తవారికి పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు అనుకూలం. ఈ ఊరి హెబ్బాళ పశువైద్య కళాశాల నుండి గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగరంలోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ నుండి వనరాజ వచ్చాయి. ఆడ, మగ కలిసిన పిల్లలను ఎనిమిది తెచ్చుకొంటే ఇంచుమించు నాలుగు పుంజులవుతాయి. మొదటిసారికి అవి చాలు. పెట్టలను గ్రుడ్లకు ఉంచుకోవచ్చు.

తల్లి లేని పిల్లలకు మొదటి గండం చలి. మొదటి వారం వాటి దగ్గర 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి ఉండవలె. తరువాత వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. కొలిచే సాధనం లేకపోతే పిల్లలను చూస్తే చాలు. దీపం క్రింద ఒకదానిపై ఒకటి ఎక్కితే చలి. దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. క్రింద రెండంగుళాల మందాన వరిఊక పరచి, తడిసిన ఊకను వెంటనే తీసివేయవలె. రాత్రివేళ పిల్లి, ముంగిస దూరకుండా గూటికి సన్నకన్నుల ఇనుప వల వేయించవలె.

మొదటి ఎనిమిది వారాలు పిల్లల దాణాయే పెట్టవలె. ఆపైన దాణాకు తోడు రాగులు, జొన్నలు, నూకలు, ఆకుకూరలు పెట్టవచ్చు. వేరుశనగ చెక్కకు బూజు పడితే మాత్రం పారవేయండి. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోవడానికి బూజు విషమెక్కిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది.

రెండవ గండం కొక్కెర తెగులు. దీనినే రాణిఖేత్ అంటారు. ఇది వచ్చిన తరువాత మందు లేదు, రాకముందు టీకా ఉంది. మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగవ వారంలో మరల చుక్క, ఎనిమిదవ వారంలో సూది. చిక్కేమిటంటే, టీకా మందు సీసాలో పదుల కొద్దీ, నూర్ల కొద్దీ మోతాదులుంటాయి. కలిపిన రెండు గంటలలో వాడివేయవలె. నాలుగు కోళ్ల కోసం సీసా కొనడానికి ఎవరికీ చేయి రాదు. కోళ్లు గల కుటుంబాలు ఒకే వారం పిల్లలను తెచ్చుకొని, ఒకే ఆదివారం పశువైద్యుని పిలిపించుకొంటే ఒక సీసాతో అందరి పనీ అవుతుంది. ఇటువంటి పనికి కూడా సంఘం అక్కరకు రావలె గదా! ఎప్పుడైనా కోళ్లు ఒక్కసారిగా చావసాగితే వాటిని కోయవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. పశువైద్యశాలకు కబురు చేయండి.

ఇక ఇరుగుపొరుగు. మన పుంజును కన్నడిగులు హుంజ అంటారు. మాట దగ్గరిదే గాని తెల్లవారుజామున నాలుగు గంటల కూత ఏ భాషవారికీ తీపి కాదు. పురపాలక నిబంధనలు తెలుసుకొని, అద్దె ఇల్లయితే యజమానిని, ఆ తరువాత ప్రక్క ఇంటివారిని అడిగిన మీదటనే గూడు కట్టవలె. పొరుగూరిలో మంచితనం సంపాదించడానికి ఏండ్లు పడుతుంది. దానిని ఒక కోడికూతకు పోగొట్టుకోరాదు.

నాలుగైదు నెలలకు పుంజులు గట్టిగా కూయడం, ఒకదానినొకటి పొడుచుకొనడం మొదలుపెడతాయి. ఇంకా ఉంచితే మాంసం ముదురుతుంది, కోళ్లకు గాయాలవుతాయి, వీధికి నిద్ర ఉండదు. ముందు నిశ్చయించుకొన్న దినం అదే. ముందురోజు రాత్రి మేత ఆపి నీరు మాత్రం ఉంచవలె. తక్కిన కోళ్ల కంట పడకుండా, పదునైన కత్తితో, చేయి తిరిగినవారి చేత ఒక్క వేటున పని జరగవలె. మందులు వాడుతున్న కోడినైతే వైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా కోయరాదు.

ఇంటి పిల్లలు దానికి పేరు పెట్టుకొంటారు, చేతితో గింజలు తినిపిస్తారు. ఆనాడు కోడి ఎగిరిపోయిందని వారికి బొంకవద్దు. ఇది కూరకు పెంచుతున్న పుంజు అని మొదటినుండీ చెప్పండి. వద్దని ఏడిస్తే ఆ మాటా వినండి. ఒక పుంజును పెట్టలకు తోడుగా ఉంచుకొంటే తప్పేమీ లేదు. తినే వస్తువు వెనుక ఒక ప్రాణముందని తెలిసిన బిడ్డ విస్తరిలో మెతుకు వృథా చేయడు.

కొత్త సంవత్సరం మీ ఇండ్లకూ, మీ పెరళ్లకూ చల్లగా గడవాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాము.