గోల్కొండ తలుపు, మేడ్చల్ టీకా

(మేడ్చల్, శామీర్‌పేట సంఘముల కూడికలో చేసిన ప్రసంగము)



యెరికో గోడలు ఎట్లు కూలినవో మన సండే స్కూలు పిల్లలను అడగండి, గుక్క తిప్పుకోకుండా చెప్పుదురు. మేడ్చల్‌లో ఏ టీకా తయారైనదో అడిగితే ఒకరి మొగమొకరు చూచుకొందురు. తప్పు పిల్లలది కాదు, మనము నేర్పలేదు.

మన ప్రాంతమున విజేతలకు కరువు లేదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించి, చివరకు లోపలివాడే తలుపు తీయగా పట్టుకొన్నాడు. ఎంతకాలము నిలిచినది? 37 ఏండ్లకే, 1724లో, మొగలుల సుబేదారే స్వతంత్రుడైనాడు. తరువాత ఆంగ్లేయుల దండు సికింద్రాబాదులో దిగినది. ఆ దండు కవాతులు నేడెవరికి జ్ఞాపకము? 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఇక్కడనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. లోకము దానినే గుర్తుంచుకొన్నది. సైనికులను చిన్నచూపు చూచుట మా ఉద్దేశము కాదు. బొల్లారం, తిరుమలగిరి గుళ్లు వారికొరకు కట్టినవే గదా.

సరిగా నూరేండ్లకు, 1997 ఆగస్టులో, మన మేడ్చల్ శాంతా బయోటెక్నిక్స్ నుండి హెపటైటిస్-బి టీకా వెలువడినది. వరప్రసాద్ రెడ్డిగారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. విదేశీయులు విద్య నేర్పమనగా, మన శాస్త్రజ్ఞులతోనే సాధించి, సంస్థకు తల్లి పేరు పెట్టినారు. దిగుమతి టీకా మోతాదుకు 700 రూపాయలు దాటుచుండగా దీనిని 50కి ఇచ్చినారు. ఈస్టు కణములలో ఇది తయారగును. సువార్తలో పుల్లని పిండి ఉపమానము చదివినప్పుడెల్ల మాకిది గుర్తు వచ్చును. 2009లో ఆ సంస్థ ఫ్రెంచి వారి చేతికి పోయినది. అయినను తగ్గిన ధర మరల పెరిగి పూర్వపు చోటికి పోలేదు.

శామీర్‌పేట వారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. తుర్కపల్లి భారత్ బయోటెక్ వారి రోటావ్యాక్, పసిబిడ్డల విరేచనములకు టీకా, 2015లో వచ్చినది.

ఇది మనకెందుకందురా? కామెర్లకు పసరు పోయించి, చేతికి వాతలు పెట్టించి, చివరకు కాలేయము చెడినవారిని మన సంఘములలోనే సమాధి చేసినాము. ఈ వ్యాధి తల్లినుండి బిడ్డకు ప్రసవమప్పుడే సోకవచ్చును. ఏండ్ల తరబడి బయటపడదు. అందుకే పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు వేయవలెను. 2011 నుండి దేశమంతటా ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చుచున్నది. అయినను, టీకా తయారైన ఊరి బిడ్డకే, ఇంటిలో ప్రసవమైనందున, ఆ మోతాదు తప్పిపోయిన సంగతి మేమెరుగుదుము. గోల్కొండకు లోపలివాడు తలుపు తీసెను. ఇక్కడ మనమే తలుపు వేసుకొంటిమి.

వచ్చే నెల బాప్తిస్మములకు బిడ్డలను తెచ్చు తల్లులు టీకా కార్డు వెంట తీసికొని రావలెనని సంఘ సెక్రటరీగారు ఆదివారము ప్రకటింతురు. కార్డు లేని వారి ఇండ్లకు స్త్రీల మైత్రి సభ్యురాండ్రు ఇద్దరిద్దరుగా వెళ్లుదురు. పేర్లు ఇచ్చువారు కూడిక అయిన పిమ్మట ముందు బల్లయొద్దకు రండి.